గట్టి రక్తమే, మరి కాళ్ల సంగతి?

మా ఇంట్లో ఆయుష్షు గురించి ఎవరికీ బెంగ లేదు. శింగనమల దగ్గర మా ఊర్లో మా జేజి తొంభై దాటి బతికింది. ఆమె అన్నదమ్ములూ అంతే. అందుకే డెబ్భై దాటిన మా నాయన "మనది గట్టి రక్తం పాపా, నాకేమైతాది?" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్. కుర్చీలోంచి లేవాలంటే ఆయన ఎక్కువగా రెండు చేతులూ ఆనిస్తున్నాడు.

రక్తంలో ఏమీ లేదని నేను అనను. మనుషుల ఆయుష్షులో తేడాలకు దాదాపు పావు వంతు వంశమే కారణమని డెన్మార్క్ కవలల అధ్యయనం చెప్పింది. ఫాక్సో3 జన్యువులో ఒక రకం ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నట్టు 2008లో హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్లలో గమనించారు. కండ విషయంలోనూ జన్యువుల పాత్ర ఉంది. ఏసీటీఎన్3 అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ వేగంగా బిగిసే కండ పోగుల్లో ఉంటుంది. ప్రపంచంలో సుమారు ఐదుగురిలో ఒకరికి అది అసలు తయారే కాదు. అది లేకపోవడం జబ్బేమీ కాదు. కానీ కాలు జారినప్పుడు చప్పున నిలదొక్కుకోవడానికి పనికొచ్చేవి ఆ వేగం పోగులే. వయసుతో ఎక్కువగా సన్నబడేవీ అవే.

అయినా ఏ ఒక్క జన్యువుతోనూ తేలే విషయం కాదిది. కండ బలానికి గుర్తుగా చూసే పిడికిలి పట్టును దాదాపు రెండు లక్షల మందిలో పరిశీలించి, దానితో సంబంధం ఉన్న 16 జన్యు స్థానాలు 2017లో గుర్తించారు. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. ఫాక్సో3 మంచిదైతే తొడ కండ నిలబడుతుందని ఎక్కడా రాసిపెట్టి లేదు.

మా జేజి చెనిక్కాయ చేన్లో గొంతుక్కూర్చుని కలుపు తీసేది. నేల మీద కూర్చుని తినేది, నేల మీదనుంచే లేచేది. రోజంతా తొడలకు పనే. ఆమె రక్తం నాయనకు వచ్చింది గానీ ఆ పని రాలేదు. రిటైరయ్యాక అనంతపురంలో ఆయనకు సోఫా, టీవీ, మోటర్ బండి.

1990లో అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉండే తొంభై ఏళ్ల పెద్దవాళ్ల చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో! నాయనకు ఈ సంగతే మళ్లీ మళ్లీ చెప్తున్నా.

ఇంట్లోనే చూసుకోగల పరీక్ష ఒకటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, లేదా అంతకు మించి పడితే కండ బలం తగ్గుతోందేమో చూపించుకోవాలని 2019లో ఆసియా నిపుణులు చెప్పారు. నాయనకు 12 దాటింది.

ఇప్పుడు పొద్దున కాఫీకి ముందు, గోడకు ఆనించిన కుర్చీలో లేచి కూర్చోవడం చేయిస్తున్నా. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడక మంచిదే, అది ఒక్కటే చాలదు. తిండిలోనూ మార్పు కావాలి. వయసైనవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ ఉండాలంటారు. అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. సంగటి, ఊరుబిండితో అంత రాదు. పప్పు చిక్కగా, ఉలవలు, గుడ్డు, పెరుగు పెడుతున్నాం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ పెంచొద్దు.