ఎప్పుడొస్తావు?

12 నవంబర్ 2024, మంగళవారం

రైల్వే పెన్షనర్లు ఏటా నవంబర్లో, బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవాళ పొద్దున్న నాన్నను బ్యాంకుకు తీసుకెళ్లాను. తీసుకెళ్లాను అంటున్నాను గానీ, ఏ కౌంటర్, ఏ కాగితం, అన్నీ ఆయనకే తెలుసు. పోయినేడు ఒక్కరే వెళ్లి ఇచ్చి వచ్చారట. అప్పుడు నేను హనోయ్‌లో ఉన్నాను.

వేలిముద్ర మూడుసార్లు పెట్టారు, పడలేదు. ముఖం స్కాన్ చేసినా సరిపోతుందని కౌంటర్లో అమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుని, "అంకుల్, ఒకసారి కళ్లు ఆర్పండి" అంది. నాన్న కాస్త ఆగి అడిగారు. "ఎడమ కంటికి ఆగస్టులో ఆపరేషన్ అయిందమ్మా, ఏం ఇబ్బంది లేదు కదా?"

ఆ సంగతి ఆ అమ్మాయికీ నాకూ ఒకేసారి తెలిసింది.

బయటికి వచ్చాక అడిగితే, "శుక్లం తీశారు, అంతే. దానికి నువ్వక్కడ టెన్షన్ పడటం ఎందుకని మీ అమ్మే చెప్పొద్దంది" అన్నారు. ఆ రోజుల్లో వీడియో కాల్ చేస్తే నాన్న ఎప్పుడూ ముఖం ఒక పక్కకి తిప్పి మాట్లాడేవారు. ఫోన్ పట్టుకోవడం సరిగ్గా రాక అనుకున్నాను. ఒక్కసారైనా అడగలేదు.

నేను తిరిగొచ్చి ఇరవై మూడు రోజులైంది. పదమూడు నెలలు, పదకొండు దేశాలు. వచ్చినప్పటి నుంచి ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. ఏ దేశం బాగుంది, ఎంత ఖర్చయింది, ఆడపిల్లవి ఒక్కదానివీ భయం వేయలేదా, అన్నం దొరికిందా. అన్నిటికీ విసుగు లేకుండా చెప్పాను, ఫోటోలు చూపించాను. చెప్పడం నాకు ఇష్టం. వెళ్లినందుకు నాకు ఏ బాధా లేదు, ఇంకోసారి వీలైతే మళ్లీ వెళ్తాను. కానీ ఈ ఇరవై మూడు రోజుల్లో "మీరెలా ఉన్నారు, ఇక్కడ ఏమేం జరిగింది" అని కూర్చుని అడిగింది ఎవరినీ లేదు. ఇవాళ బ్యాంకులో నిలబడితే గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

దేశం మారిన ప్రతిసారీ ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు అడిగే రెండు ప్రశ్నలు తప్పవు. శాశ్వత చిరునామా ఏమిటి? ఎప్పుడు తిరిగి వెళ్తారు? మొదటిదానికి ప్రతి ఫారంలోనూ సత్యనారాయణపురం, విజయవాడ అని రాశాను. రెండోదానికి తేదీతో సహా చెప్పాను, టికెట్ చూపించాను. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. గ్రీసులో ఉన్నన్నాళ్లూ ఆ లెక్క నోట్‌బుక్‌లో రాసుకుంటూ, ఒక్క రోజు కూడా తప్పకుండా బయటపడ్డాను. అమ్మ కూడా ప్రతి ఫోన్లోనూ ఇదే అడిగేది, "ఎప్పుడొస్తావే?" అని. "చూద్దాంలే అమ్మా" అనేదాన్ని. ఆ ఆఫీసర్లు నన్ను వెనక్కి పంపగలరు. అమ్మ ఏం చేయగలదు? అందుకేనేమో వాళ్లకి తేదీ, అమ్మకి చూద్దాం.

నాన్న గూడ్స్ గార్డుగా చేశారు. 2022లో గార్డు పోస్టుకి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు, నాన్న అంతకుముందే రిటైరయ్యారు. నా చిన్నప్పుడు డ్యూటీకి పిలవడానికి అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. నాన్న లేచి తయారై, "రేపు రాత్రికి వచ్చేస్తా" అని అమ్మకి చెప్పి వెళ్లేవారు. గూడూరు రన్నింగ్ రూమ్‌లో పడుకుని, మళ్లీ బండి ఎక్కి వచ్చేవారు. గూడ్స్ బండి టైముకి ఎక్కడ వస్తుంది? ఎన్నోసార్లు తెల్లారేది. అయినా వెళ్లేముందు ఆ మాట మాత్రం చెప్పకుండా గుమ్మం దాటేవారు కాదు. వచ్చేటప్పుడు గూడూరు నిమ్మకాయలు తెచ్చేవారు. ఇందాక ఆటోలో కూర్చుని లెక్క వేశాను. ఏడాదికి ముప్పై వేల కిలోమీటర్లు అనుకున్నా, 34 ఏళ్లకు పది లక్షలు దాటుతుంది. భూమి చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. అంటే ఇరవై అయిదు చుట్లు. మా వీధిలో నన్ను "ప్రపంచం చుట్టొచ్చిన అమ్మాయి" అంటున్నారు. ఈ లెక్క నాన్నకి చెబితే, "నాది డ్యూటీ అమ్మాయ్, నువ్వు చూడటానికి వెళ్లావు. రెండూ ఒకటి కాదు" అన్నారు. నిజమే. అయినా ఆ అంకె నా మనసులోంచి పోవడం లేదు.

ఇంటికి వెళ్లబోతుంటే నాన్న ఆటో అతనికి బ్యారేజీకి పోనిమ్మన్నారు. "నీళ్లు చూసి చాలా రోజులైంది. వరదప్పుడు కంటికి మందులు వేసుకుంటున్నా కదా, ఇటువైపు రాలేకపోయా" అన్నారు. ఆపరేషన్ అయిన పన్నెండో రోజున వరద వచ్చిందట. సింగ్ నగర్‌లో పిన్ని వాళ్లిల్లు మునిగిందని నాకు తెలుసు. వాళ్లు పదకొండు మంది తొమ్మిది రోజులు మా రెండు గదుల ఇంట్లోనే ఉన్నారని మాత్రం ఇవాళే తెలిసింది.

ఆ రోజుల్లో నేను బొలీవియాలో, ఉయుని ఉప్పు మైదానంలో ఉన్నాను. పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా తెల్లటి ఉప్పు, అక్కడ వానల్లేని కాలం కావడంతో చుక్క నీరు లేదు. మూడు రోజుల జీపు ప్రయాణం, ఎక్కడా సిగ్నల్ లేదు. సెప్టెంబర్ 2న ఊళ్లోకి రాగానే ఫోన్ ఆగకుండా మోగింది. బుడమేరు వాగు పొంగిందని, బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వస్తోందని మెసేజ్‌లు. కంగారుగా ఇంటికి ఫోన్ చేశాను. నాకు సాయంత్రం ఆరు, ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర. అమ్మ మొదటి రింగుకే ఎత్తింది. "మన వీధిలోకి నీళ్లు రాలేదు, మాకేం కాలేదు, నువ్వు జాగ్రత్త" అంది. వెనకాల ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఏంటమ్మా అంటే, టీవీ అంది. మూడున్నరకి టీవీ ఏమిటని అనుకోలేదు. నమ్మేసి ఫోన్ పెట్టేశాను.

నేనూ అంతే. బొలీవియాలోనే లాపాజ్ నగరం 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ రెండు రోజులు ఊపిరి ఆడక మంచం దిగలేదు. హాస్టల్ నడిపే పెద్దావిడ కోకా ఆకుల టీ పెట్టి ఇచ్చి, రాత్రి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. అమ్మతో అంతా బాగుందన్నాను. ఆ పెద్దావిడకి తెలిసింది అమ్మకి తెలియదు. ఇవాళ రాత్రి చెప్పాలి. రేపు క్షీరాబ్ది ద్వాదశి అని ఉసిరి కొమ్మ తెప్పించి తులసికోట దగ్గర పనిలో ఉంది, అది అయ్యాక చెప్తాను.

పోయిన వారం పిన్ని నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆమెకి ఆ ఉప్పు మైదానం ఫోటోలన్నీ చూపించాను. తేదీలతో సహా. "ఎంత తెల్లగా ఉందే, నేలంతా ఎండిపోయి" అంది పిన్ని. ఇంకేం అనలేదు. వాళ్లింటి గోడల మీద నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో నాకు ఇప్పటికీ తెలియదు.

బ్యారేజీ మీద ఫుట్‌పాత్ పక్కన నిలబడ్డాం. నది మామూలుగా ఉంది. వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్న చోటు ఏదని నాన్న వెతుకుతున్నారు, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి. ఆపరేషన్ అయిన కన్నే బాగా కనిపిస్తోందట.

"నాన్నా, వరద సంగతి మొదటి నుంచీ చెప్పు" అన్నాను.

ఆయన రెయిలింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు నీళ్ల వైపు చూశారు.

"ఆదివారం పొద్దున్న పాలు రాలేదమ్మాయ్" అని మొదలుపెట్టారు.