కుచ్చిళ్ళు వెనక్కి పెట్టిన పంచె

సీతానగరం దగ్గర కృష్ణ ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నాను. పక్కనే విసురు వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన చాలాసేపు నన్ను ఎగాదిగా చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"బాబూ, అది లుంగీయా, ఆడపిల్లల గౌనా?"

"స్కాట్లండ్ వాళ్ళ పంచె తాతా. కిల్టు అంటారు."

"పంచె అయితే కుచ్చిళ్ళు ముందుండాలి కదా?"

ఆరేళ్ళు అబర్డీన్‌లో ఉన్నాను. కిల్టు గురించి అక్కడ ఎవరి నోటా ఇంత సరైన ప్రశ్న వినలేదు. మనవాళ్ళు నన్ను అడిగేది ఒక్కటే: లోపల ఏం వేసుకుంటావని. నిక్కరే. ఒకసారి ఇదే ఒడ్డున ఎర్రచీమల పుట్ట పక్కన చూసుకోకుండా కూర్చున్నాను. ఆనాటి నుంచి, లోపల ఏమీ వేసుకోకూడదనే సంప్రదాయం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.

నిజానికి స్కాట్లండ్‌లోనూ కిల్టు ఎక్కువగా పెళ్ళిళ్ళకే కడతారు. చేపలు పట్టేవాళ్ళు నడుము దాకా రబ్బరు తొడుగులు వేసుకుని డీ నదిలో దిగుతారు, జింకల వేటకు వెళ్ళేవాళ్ళు ముతక ఉన్ని కోటూ ప్యాంటూ తొడుక్కుంటారు. అయితే నాతో పనిచేసిన ఒకాయన మాత్రం వానైనా గాలైనా కొండ ఎక్కాలంటే కిల్టే కట్టేవాడు. తడిసిన ప్యాంటు కాళ్ళకు అతుక్కుని రోజంతా చలి పెడుతుంది, కిల్టు కడితే మోకాళ్ళ కింద తడిసేది చర్మమే, అది తుడుచుకుంటే పోతుంది అనేవాడు. దిగి వచ్చాక కాళ్ళకు పిడుదులు పట్టాయేమోనని వేలుతో తడిమి చూసుకునేవాడు. నుసుములు చుట్టుముట్టిన సాయంత్రాల్లో ఆయన వాదం కాస్త మెత్తబడేది, అది వేరే సంగతి. నేను తిరిగి వచ్చేటప్పుడు తన పాత కిల్టు ఒకటి ఇచ్చాడు. ముదురాకుపచ్చ గళ్ళది. మా ఇద్దరి నడుము కొలత ఒకటే కావడం నా అదృష్టమో, మా ఆవిడ దురదృష్టమో.

"ఏమండీ, ఇది కట్టుకునే అరండల్‌పేట దాటుతారా?" అంది ఆవిడ మొదటి రోజు. కారులోనే వెళ్తానని మాట ఇచ్చాను.

దాని కట్టుబడి చెప్పాలి. కిల్టుకు దాదాపు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది. మా నాయనమ్మ చీరకు ఒక్క గజం తక్కువ. ముందు భాగం చదునుగా రెండు పొరలు, వెనక అంతా కుచ్చిళ్ళు. నా దానికి ఇరవై ఏడు లెక్కపెట్టాను. నడుము దగ్గర తోలు పట్టీలతో బిగిస్తారు, అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. పై పొర అంచుకు ఒక పిన్ను ఉంటుంది, అది రెండు పొరలనూ కలిపి కుట్టేది కాదు. ఈ సంగతి తెలియక నేను మొదట్లో రెండిటికీ గుచ్చి, కూర్చోబోయి పరుక్కుమనిపించాను. కూర్చునే ముందు రెండు చేతులతో వెనక కుచ్చిళ్ళు సర్దుకోవాలి, లేకపోతే నలిగిపోతాయి. లంగా ఓణీ వేసుకున్న ఆడపిల్లలు ఆలోచించకుండానే చేసే పని అది. నాకు అలవాటు కావడానికి నెల పట్టింది.

ఈ కుట్టిన కిల్టు తర్వాత వచ్చింది. అంతకు ముందున్నది కుట్టు లేని పొడవాటి ఉన్ని గుడ్డ. నేల మీద నడికట్టు పరిచి, దాని మీద గుడ్డను కుచ్చిళ్ళు పోసి, పైన పడుకుని చుట్టుకుని లేచేవాళ్ళట. పై సగం భుజాన, చలేస్తే తల మీద. రాత్రి నడికట్టు విప్పితే అదే దుప్పటి. ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్యే గుర్తొచ్చారు.

మాది ఫిరంగిపురం వైపు. తాతయ్య కొండవీడు కొండల్లో కముజు పిట్టల కోసం, కుందేళ్ళ కోసం తిరిగిన మనిషి. ఊళ్ళో ఉన్నప్పుడు పంచె జారవిడిచి కట్టేవారు. కొండ మొదట్లోకి రాగానే కొస వెనక్కి తీసి గోచీ బిగించేవారు. వాగు వస్తే ఇంకాస్త పైకి. రాత్రి బండ మీద పడుకుంటే అదే పంచె విప్పి కప్పుకునేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక తుపాకీ అప్పగించేశారు కానీ, కొండకు వెళ్ళడం మానలేదు. ఆయన ముందు నా కిల్టు సగం బట్టే. గోచీ పెట్టడానికి లేదు, కప్పుకోవడానికి లేదు. ఆ పాత గుడ్డ ఆయనకు ఇచ్చి ఉంటే ఒక్క పూటలో కట్టడం నేర్చుకునేవారు, పైగా బరువెక్కువని తిట్టేవారు.

ఆ బట్ట కోసం జైలుకు వెళ్ళవలసిన రోజులు కూడా ఉన్నాయి. 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటును అణిచాక, బ్రిటిష్ ప్రభుత్వం హైలాండ్ దుస్తుల మీద, అంటే స్కాట్లండ్ కొండసీమ వాళ్ళ కట్టు మీద, నిషేధం పెట్టింది. మొదటిసారి పట్టుబడితే 6 నెలల జైలు, రెండోసారి 7 ఏళ్ళ ద్వీపాంతరం. రాజు సైన్యంలో చేరినవాడికి మాత్రం అదే కిల్టు యూనిఫారం. 1782లో గానీ ఎత్తేయలేదు.

నాకు ఇప్పుడు మిగిలిన వేట గాలమే. మన జాలర్లు చేపలకు వెళ్ళడాన్ని వేట అనే అంటారు కనుక, నేనూ వేటగాణ్ణేనని చెప్పుకుంటాను. డిసెంబరులో ఒక ఆదివారం మాత్రం మా బావమరిదితో కలిసి, ఉన్ని కిల్టు కట్టుకుని, కొండవీడు పాత మెట్ల దారిన ఎక్కాను.

పొద్దున్న ఆరింటికి బ్రహ్మాండంగా ఉంది. ఎత్తైన మెట్టు మీదికి కాలు వేస్తే తొడ దగ్గర పట్టేది ఏమీ లేదు. జీన్సు వేసుకున్న మా వాడు ప్రతి పెద్ద రాయి దగ్గరా మోకాలు పట్టుకుని ఆగాడు. ఎనిమిదిన్నరకు ఎండ ఎక్కింది. రెండు కిలోల ఉన్ని నడుముకు చుట్టుకుని గుంటూరు ఎండలో నడవడం ఎలా ఉంటుందో వర్ణించను. చెరువుల దగ్గరికి వెళ్ళాలని దారి వదిలి ఎండుగడ్డిలో దిగాం. బయటికి వచ్చేసరికి కిల్టు రంగు మారిపోయింది. ఆకుపచ్చ కనపడకుండా గడ్డిముళ్ళు. ఉన్నికి అవి ఎంత ఇష్టంగా పట్టుకుంటాయో గొర్రెలు కాసేవాళ్ళకు తెలుసు.

"బావా, నువ్వు కొండ ఎక్కలేదు, కొండను చుట్టుకుని దిగావు" అన్నాడు మా వాడు.

ముళ్ళు ఏరడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మా ఆవిడ ఒక్కటి కూడా ఏరలేదు.

అప్పుడు తట్టింది, ఇక్కడి ఎండకు నూలుతో కుట్టిస్తే సరి కదా అని. మంగళగిరి నేత బట్ట ఆరు మీటర్లు కొని, మాకు అలవాటైన దర్జీ దగ్గరికి పాత కిల్టు పట్టుకెళ్ళాను. "కుచ్చిళ్ళు వెనక్కేనా సార్?" అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి కాగితం మీద రాసిమ్మన్నాడు. కుట్టు మాత్రం బంగారం. కట్టుకుంటే ఒళ్ళు మీద బట్ట ఉన్నట్టే లేదు.

అదే చిక్కయింది. బ్యారేజి దగ్గర కృష్ణ మీద నుంచి వచ్చే గాలికి మొదటి రోజే గొడుగులా లేచింది. ఒక చేత్తో గాలపు కర్ర, ఇంకో చేత్తో మానం. బెండు మునిగినా లాగలేకపోయాను. ఉన్ని కిల్టు ఎందుకు అంత బరువో ఆ పూట బాగా అర్థమైంది. బరువే దాని కుదురు.

మళ్ళీ దర్జీ దగ్గరికి వెళ్ళలేదు. విజయవాడలో వలల దుకాణానికి వెళ్ళి, విసురు వల అంచుకు కట్టే సీసపు గుళ్ళు పావు కిలో కొన్నాను. కుచ్చిళ్ళ అంచు మడత విప్పి ఒక్కొక్కటీ లోపల వేసి, నేనే సూదితో కుట్టుకున్నాను. నడిస్తే పిక్కల మీద సన్నగా తడుతుంటాయి.

మొన్న ఆదివారం సీతానగరం ఒడ్డున ఆ పెద్దాయన మళ్ళీ కనిపించాడు. వంగి, అంచు పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య గుళ్ళను నలిపి చూశాడు.

"ఇవి మా వలవే కదయ్యా!"

అవునన్నాను. ఒక నిమిషం ఆలోచించాడు.

"మూర మూరకూ వేశావు. దగ్గర దగ్గరగా వేయాలి. లేకపోతే మధ్యలో లేస్తుంది."

సంచిలోంచి గుప్పెడు గుళ్ళు తీసి నా చేతిలో పోశాడు.