పైకి చదివిన కథలు: ఆషాఢం నుంచి కార్తీకం దాకా

ఆషాఢంలో అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు పుస్తకం పట్టుకోవద్దన్నారు. అప్పటినుంచి రాత్రి భోజనాలయ్యాక నేను ఒక కథ పైకి చదవడం, అమ్మా పక్కింటి పిన్నిగారూ వినడం అలవాటైంది. కళ్లు బాగుపడ్డాక కూడా అమ్మ ఈ అలవాటు వదలనివ్వలేదు. ఈ నెలల్లో ఏం చదివాం, ఏది గొంతుకి పట్టింది, ఏది పట్టలేదు అన్నది రాసి పెట్టుకుంటున్నాను. ఇంకెవరింట్లోనైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన కథకుల్లో చాలామంది చెవితో రాశారు. మౌనంగా చదివితే కథేమిటో తెలుస్తుంది. ఆ మనుషులెలాంటివాళ్లో తెలియాలంటే మాత్రం వాళ్ల మాట వినాలి.

ముందు పద్ధతి సంగతి. మామూలు సైజు పేజీ పైకి చదవడానికి నాకు రెండు నిమిషాల పైన పడుతుంది. అంటే పన్నెండు పేజీల కథకి అరగంట. అంతకు మించితే గొంతు జీరపోతుంది, వినేవాళ్లకి నిద్రొస్తుంది. పెద్ద కథైతే ఏ రాత్రికి ఎక్కడ ఆపాలో ముందే చూసుకుని గుర్తు పెట్టుకుంటాను. సొంత పుస్తకమైతే పెన్సిల్‌తో సన్నగీత, లైబ్రరీదైతే అంటించి తీసేసే చీటీలు. మధ్యాహ్నం ఒకసారి మనసులో చదువుకోకుండా రాత్రి మొదలుపెట్టను. పక్కన గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, వెలుతురు భుజం వెనకనుంచి. పాత సంపుటాల్లో అక్షరాలు మరీ సన్నగా ఉంటాయి. కథకుడు కాళీపట్నం రామారావుగారు (అందరూ 'కారా' అంటారు) 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో చాలా కథలు పత్రికల్లో అచ్చయిన పేజీలతో సహా దొరుకుతాయి. ట్యాబ్‌లో పెట్టుకుని కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. బొమ్మలతో, పక్కనే ఆనాటి ప్రకటనలతో చూడటం ఇంకో సరదా.

అన్నిటికంటే ఎక్కువ రోజులు మా ఇంట్లో ఉన్నవాడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. గోదావరి పక్కవాళ్లం కాబట్టి ఆ మాట మాకు తేలిగ్గానే వస్తుంది కానీ, చదవడం మాత్రం తేలిక కాదు. ఆయన కథల్లో సంభాషణ పేజీల తరబడి సాగుతుంది, 'అన్నాడు', 'అంది' అన్నవి చాలాచోట్ల ఉండవు. కంటికి అది ఇబ్బంది కాదు, పైకి చదివేటప్పుడు ఇద్దరి మాటా కలిసిపోతుంది. అందుకని ఒకరి మాటలకి చుక్క, రెండోవారి మాటలకి అడ్డగీత పెట్టుకున్నాను. గొంతులు మార్చి నటించక్కర్లేదు. ఒకరిది కాస్త నిదానంగా, ఇంకొకరిది చురుగ్గా చదివితే చాలు, వినేవాళ్లే పోల్చుకుంటారు.

'వడ్లగింజలు' విడతలుగా చదివాం. చదరంగంలో అసాధ్యుడు శంకరప్ప. పెద్దాపురం ప్రభువు ఏం కావాలో కోరుకోమంటే వడ్లగింజలు అడుగుతాడు: చదరంగం బల్లమీద ఒకటో గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు. ఆ కోరిక దగ్గరికి వచ్చాక పిన్నిగారు నన్ను ఆపేశారు. "ఉండమ్మాయ్, అసలు ఎన్ని బస్తాలవుతాయి?" వాళ్లది వ్యవసాయం చేసిన కుటుంబం, లెక్క తేలందే ముందుకి పోనివ్వరు. మర్నాడు ఆవిడే గుప్పెడు ధాన్యం తెచ్చారు. వెయ్యి గింజలు ఎంచి వంటింటి కాటాలో పెడితే 20 గ్రాముల దగ్గర నిలబడింది.

ఇక కాగితం ముందేసుకున్నాం. మొదటి పది గళ్లకి మొత్తం 1,023 గింజలు, ఆవిడ గుప్పిట్లోకి సరిపోయాయి. ఇరవై గళ్లకి 21 కిలోలు. "ఇంతేనా!" అంది అమ్మ. ముప్ఫై గళ్లకి ఇరవై ఒకటిన్నర టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు 286. నలభై గళ్లకి 22 వేల టన్నులు. ఇక్కడ పిన్నిగారు పెన్ను కిందపెట్టేశారు. అరవై నాలుగు గళ్లకీ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే ధాన్యం సుమారు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన శంకరప్ప బాకీ తీరడానికి నాలుగు వందల ఏళ్లకి పైనే పడుతుంది. మర్నాడు రాత్రి మళ్లీ అదే ఘట్టం నుంచి చదివాను. గింజలడగడం విని తేలిగ్గా తీసుకునేవాళ్ల మాట మొదటిసారి మాకు మామూలుగా వినిపించింది. లెక్క చేశాక అదే మాటకి అమ్మ చెయ్యి నోటిమీద పెట్టుకుంది. శ్రీపాద ఆ కోరికని ఎంత వినయంగా పలికించాడో అప్పుడు అర్థమైంది. తర్వాత ఏమైందో చెప్పను, చదువుకోవాల్సిందే.

'గులాబీ అత్తరు' కూడా పెద్దాపురం కథే. దానికి ఒక్క రాత్రి చాలు. మొదలుపెట్టేవాళ్లకి నేను దాన్నే ముందు చెబుతాను.

శ్రావణం చివర్లో చాసో, అంటే చాగంటి సోమయాజులు. కథలు చిన్నవి, వాక్యాలు ఇంకా చిన్నవి. అరగంటలో రెండు చదవొచ్చు, కానీ చదవకూడదు. 'ఎందుకు పారేస్తాను నాన్నా!' అయ్యాక వెంటనే ఇంకో కథ ఎత్తుకోవడం నావల్ల కాలేదు. చదువు ఆగిపోయిన కుర్రాడు కృష్ణుడు. నాన్నకి చుట్టలు కొనుక్కురావాలంటే బడి ముందునుంచి పోవాలి. కథలో ఇంతే. రచయిత ఎక్కడా జాలి పడడు, కుర్రాడి చేత కూడా జాలిమాటలు చెప్పించడు. కాబట్టి చదివేవాళ్లు గొంతులో ఏడుపు పెట్టకూడదు. కథకి పేరైన ఆ మాట వచ్చేచోట మామూలు గొంతుతో, కాస్త వడిగా అనేసి ముందుకి పోవాలి. 'వాయులీనం' కూడా అంతే: భార్య జబ్బు నయం చేయించడానికి ఆవిడ ఫిడేలే అమ్మాల్సి వచ్చిన భర్త కథ. అమ్మ చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుంది. ఆ రాత్రి కథ అయ్యాక ఏమీ మాట్లాడలేదు.

దసరాకి నామిని సుబ్రహ్మణ్యం నాయుడి కథలు. ఇక్కడ నాకు భయమేసింది. చిత్తూరు జిల్లా మాట, నేను పలికితే సినిమాల్లో రౌడీలు మాట్లాడే సీమ యాసలా వస్తుందేమోనని. అది ఆ కథలకి చేసే పెద్ద అన్యాయం. నామిని తన ఊరు మిట్టూరు మాటని వినపడ్డది వినపడ్డట్టే రాశాడు, కాబట్టి అక్షరాన్ని నమ్మి అలాగే పలికితే సగం పని అయిపోతుంది. మిగతా సగానికి మా ఆఫీసులో తిరుపతి దగ్గరి అక్క ఒకామె 'పచ్చనాకు సాక్షిగా'లోంచి రెండు పేజీలు చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపింది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో అందులో తెలిసింది. ముఖ్యంగా తల్లి తిట్లు. నేను కోపంగా చదువుతుంటే ఆవిడ నవ్వుతూ, ముద్దుగా చదివింది. ఆ తిట్లలో ఉన్నదంతా ప్రేమే. మీ ఊరిది కాని మాండలికం చదవాలనుకుంటే ఆ ఊరివాళ్ల గొంతు ఒక్క అయిదు నిమిషాలైనా వినండి, ఏ నిఘంటువూ అంత మేలు చెయ్యదు.

అన్ని పుస్తకాలూ ఇలా కుదరవు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' రెండు రాత్రులు పైకి చదివి మానేశాం. పుస్తకం గొప్పదే, ఈ ఏడాది నన్ను ఎక్కువగా కదిలించిన నవల అదే. కానీ అందులో కథానాయకుడు దయానిధి తనలో తాను తర్కించుకునే మనిషి. ఒక వాక్యం దగ్గర ఆగిపోవాలి, రెండు పేజీలు వెనక్కి పోవాలి, పుస్తకం మూసి కిటికీలోంచి చూడాలి. ముగ్గురు కూర్చుని వింటుంటే అది కుదరదు. పొద్దున్నే ఆఫీసుకి పోయే ముందు ఒక్కదాన్నే పూర్తి చేసుకున్నాను.

ఇప్పుడు కారా 'యజ్ఞం' సిద్ధం చేస్తున్నాను. పెద్ద కథ, మూడు రాత్రులకి విడగొట్టాను. అప్పు తగవులో పంచాయితీ కూర్చున్న చోట గొంతులు మరీ ఎక్కువ, ఒక్కదాన్నే లాగలేను. విజయనగరం నుంచి బాబాయి వచ్చే వారం వస్తున్నాడు. అప్పుపడ్డ అప్పల్రాముడి మాటలు తను చదువుతానన్నాడు, తగవు తీర్చే పెద్దమనిషి శ్రీరాములునాయుడి మాటలు నావి. ఆ భాగం జిరాక్స్ తీయించి ఎవరి మాటలకి వాళ్ల రంగు పూశాను. ముగింపు ఎంత ఘోరంగా ఉంటుందో అమ్మకి ముందే చెప్పాను. "చెప్తే చెప్పావులే గానీ, చదవడం మాత్రం మానకు," అంది.