అమ్మతో మద్రాసులో పది రూపాయల రైలు

పినాకిని ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సెంట్రల్లో దించింది. మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి, వేళచ్చేరి వైపు. స్టేషను బయటికి వచ్చామో లేదో ఒక ఆటో అతను ఆరు వందలు అన్నాడు. పక్కనున్నతను అయిదు వందల యాభైకి దిగాడు. విజయవాడ నుంచి ఇక్కడిదాకా ఇద్దరి టికెట్లూ కలిపినా అంత కాలేదు.

"అమ్మా, రైల్లో పోదాం. మనిషికి పది రూపాయలు" అన్నాను.

అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పి. "మెట్లు ఎక్కువ ఉంటాయా?" అని మాత్రం అడిగింది. లిఫ్టు ఉంటుందని చెప్పాను. నమ్మే చెప్పాను.

ఏ ఊరు వెళ్లినా అక్కడి బస్సులు, రైళ్లు ఎక్కి చూడనిదే నాకు ఆ ఊరు చూసినట్టు ఉండదు. మద్రాసులో ఎంఆర్‌టీఎస్ అనే ఈ లోకల్ రైలంటే ఎప్పటి నుంచో ఇష్టం. బీచ్ స్టేషను నుంచి చేపాక్ దాకా 1995లో మొదలైంది, 1997లో మైలాపూరు చేరింది, వేళచ్చేరి చేరేసరికి 2007 వచ్చింది. సబ్‌వే దాటి పార్క్ టౌన్‌లో ఎక్కాం. అక్కడిదాకా నేల మీద నడిచే రైలు చింతాద్రిపేట వచ్చేసరికి పైకెక్కేస్తుంది. ఆ పేరు చిన్న మగ్గాల పేట అనే అర్థంలో వచ్చిందని, నేతగాళ్ల కోసం కట్టిన పేట అని చెప్పగానే అమ్మ "మన చీరాల లాగా అన్నమాట" అంది. పెట్టెలో పాతిక మంది కూడా లేరు. సముద్రపు గాలి నేరుగా తలుపులోంచి వస్తోంది.

తిరువల్లిక్కేణి దాటాక కింద నల్లటి నీళ్లు కనిపించాయి. గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సీసాలు, వాటి మధ్య నుంచి లేచిన కాంక్రీటు స్తంభాలు. మా రైలు నడుస్తున్నది ఆ స్తంభాల మీదే.

"ఏం కాలువరా ఇది?"

"బకింగ్‌హాం కాలువ."

అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగింది. "మన కాలువా?"

మన కాలువే. మాది చినగంజాం. పక్కనే పెదగంజాం దగ్గర, కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలువను అందుకుని ఇది సముద్రం పక్కనే దక్షిణానికి దాదాపు 420 కిలోమీటర్లు వస్తుంది. మద్రాసు దగ్గర మొదటి ముక్క 1806లో తవ్వారు. 1876-78 కరువులో పని కోసం వచ్చిన జనంతో కూవం, అడయారు నదులను కలిపే ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఈ కాలువ మీద పడవ నడిపే సరంగు. ఉప్పు బస్తాలు వేసుకుని మద్రాసు వచ్చేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ. అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. తాడు ఒరిపిడికి ఆయన కుడి భుజం మీద చర్మం చెప్పు తోలులా ఉండేదట. చిన్నప్పుడు వేలితో గీరి చూసేదాన్నని అమ్మ చెప్పింది. ఈ సంగతి నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

"పడవలో ఎక్కడం దిగడం ఏముంది, ఒక చెక్క పలక వేసేవాళ్లు. ముసలివాళ్లయినా దాని మీద నడిచి వచ్చేవాళ్లు" అంది.

మా స్టేషను వచ్చింది. రైలు దిగితే ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం, ఒక కుక్క. లిఫ్టుకు తాళం. తలుపు మీద అంటించిన కాగితం సగం చిరిగి ఉంది. ఎస్కలేటర్ ఆగిపోయి ఉంది, దాని పళ్ల మధ్య దుమ్ము పేరుకుంది. మెట్లు అరవై నాలుగు, నేను లెక్కపెట్టాను. అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, కుడికాలు దించి, దాని పక్కకు ఎడమకాలు తెచ్చి, మళ్లీ కుడికాలు. నలభయ్యో మెట్టు దగ్గర కూర్చుంది. కింద పెళ్లి మండపమంత హాలు. టికెట్ కిటికీ దగ్గర ఒకే ఒక దీపం. ఇల్లు వాకిళ్లు కొట్టనక్కర లేకుండా కాలువ వెంట కట్టారు కాబట్టి లైను ఇంత ఎత్తున ఉంది, అది నాకు తెలుసు. ఎత్తున కట్టినప్పుడు జనాన్ని దించే ఏర్పాటు కూడా వంతెనతో సమానంగా చూసుకోవాలి కదా!

బయటికి వస్తే బస్టాపు లేదు. రోడ్డు మధ్యలో గోడ, దాన్ని చుట్టి వెళితే అవతలి వైపు ఎండలో ఒక ఇనుప స్తంభం. అదే స్టాపు. చెన్నైలో 2025 సెప్టెంబరులో బస్సుకీ మెట్రోకీ లోకల్ రైలుకీ కలిపి ఒకే యాప్ తెచ్చారు, చెన్నై వన్ అని. మంచి పని, మనసారా మెచ్చుకుంటాను. కానీ టికెట్టు కలిపినట్టే ఆ రెండు వందల అడుగుల దారి కూడా ఎవరైనా కలపాలి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఎంఎంటీఎస్ దిగి బస్సు కోసం ఇలాగే నడిచేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, నడక కష్టమనిపించలేదు. అమ్మతో నడిస్తేగాని నాకూ ఇదంతా కనిపించలేదు.

పెళ్లి బాగా జరిగింది. భోజనాల్లో సాంబారు మూడు రకాలు పెట్టారు.

మర్నాడు కపాలీశ్వరుడి గుడికి వెళదామంది అమ్మ. రైలు వద్దంది, నేనూ బలవంతం చేయలేదు. ముందూ వెనకా గులాబీ రంగు వేసిన బస్సు వచ్చింది. మామూలు ఛార్జీ బస్సు అని గుర్తు. ఇక్కడ ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. కండక్టరు వెనక తన సీటులోంచి కదలలేదు. నా పది రూపాయల నోటు వెనకున్నతను అందుకుని తన వెనక్కి ఇచ్చాడు, అలా ఆరుగురి చేతులు దాటి వెళ్లింది. టికెట్టూ చిల్లరా అదే దారిలో తిరిగి వచ్చాయి. ఎవరూ చిల్లర వంక చూడనైనా చూడలేదు. నాకైతే ఆ ఒక్కటి చూడటానికి మద్రాసు రావచ్చనిపించింది.

అమ్మ ఆధార్ కార్డు తీసి చేతిలో పట్టుకుంది. మన ఆంధ్రలో ఆడవాళ్లకు ఉచితమైన స్త్రీశక్తి బస్సులో చూపించాలి కదా, ఆ అలవాటు. పక్కన పూల బుట్ట ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ ఆ కార్డు చూసి తెలుగులోనే "లోపల పెట్టుకో అమ్మా, ఇక్కడ ఎవరూ అడగరు. ఆడమనిషి అయితే చాలు" అంది. వాళ్లది నాలుగు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబమట. ఇక్కడ 2021 మే నుంచి మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఏ రాష్ట్రం అని కూడా అడగరు. అమ్మ చేతికి కూడా ఆరు చేతులు దాటి ఒక ఉచిత టికెట్టు వచ్చింది. దాన్ని మడిచి ఆధార్ కార్డుతో పాటు సంచిలో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణం నాడు సెంట్రల్‌కు ఆటో మాట్లాడదామనే అనుకున్నాను. ఈలోగా స్టాపులోకి కొత్త రకం బస్సు వచ్చింది. నేల ఎత్తు తక్కువ, ఎక్కేచోట మెట్లు లేవు. ఇలాంటి బస్సులే కొనాలని వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడారు, 2024 ఆగస్టులో రోడ్డు మీదికి వచ్చాయి. డ్రైవరు అద్దంలో అమ్మను చూశాడు. బుస్సుమని గాలి వదిలి బస్సు ఎడమవైపుకు వంగింది. గుమ్మం కాలిబాటకు జానెడు దూరంలోకి వచ్చింది.

అమ్మ రెండు అడుగులు వెనక్కి వేసింది, ఏదో చెడిపోయిందనుకుని.

"మెదువా వాంగమ్మా" అన్నాడు డ్రైవరు, మెల్లగా రండమ్మా అని.

నేను చెయ్యి చాపాను. అమ్మ పట్టుకోలేదు. సంచి భుజానికి తగిలించుకుని ఒక్క అడుగులో లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. దారిలో కాలువ మీది వంతెన వచ్చినప్పుడు తల తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

సెంట్రల్ దగ్గర బస్సు మళ్లీ వంగింది. పినాకిని కదలడానికి ఇరవై నిమిషాలే ఉంది, త్వరగా రమ్మని తొందరపెట్టాను. అమ్మ కాలిబాట మీద ఆగి, బస్సు మెల్లగా లేచి నిటారుగా నిలబడి కదిలిపోయేదాకా చూసింది. "పలక వేసినట్టే ఉందిరా" అంది.