గొడుగు దగ్గర పోయిన పరువు

లాజిక్ క్లాసులో మొదటి వారం హాయిగానే గడిచింది. వర్గీకరణ ఒక్క మాటలో తేలిపోయింది: విడదీసేటప్పుడు ఒకే ఆధారం పట్టుకోవాలి. పుస్తకాలను కథలు, నవలలు, పాతవి అని విడదీస్తే పాత నవల రెండు గుంపుల్లోనూ పడుతుంది. అంతే.

నిర్వచనాల దగ్గరే నా పని అయింది. గొడుగును నిర్వచించమన్నారు. ఇదీ ఓ ప్రశ్నేనా అనుకుని, 'వానలో తడవకుండా కాపాడే వస్తువు' అని గట్టిగా చదివాను. మేడమ్ ఏమీ అనలేదు. బల్ల మీది రిజిస్టర్ తీసి నెత్తిన పెట్టుకుని, "నా గొడుగు బాగుందా?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. సరే, 'కర్రకు నల్లగుడ్డ కట్టినది' అని మార్చాను. రంగుల గొడుగులన్నీ బయటికి పోయాయి, నల్లజెండా లోపలికొచ్చింది. మూడోసారి 'రెయిన్‌కోటు కానిది' అనబోయి నోరు మూసుకున్నాను. కానిదేదో చెబితే అయినదేదో తెలియదని అప్పటికే బోర్డు మీద ఉంది.

అంతటి గ్రీకు తత్వవేత్త ప్లేటోకే తప్పలేదు లెండి. మనిషంటే ఈకలు లేని రెండు కాళ్ల జంతువు అన్నాడట. డయోజినిస్ అనే మరో తత్వవేత్త ఈకలు పీకిన కోడిని తెచ్చి, ఇదిగో ప్లేటో మనిషి అన్నాడట.

నా కోపమంతా గైడు మీద. 'దగ్గరి జాతి, భేదక లక్షణం' అని పేజీకోసారి రాశాడు. అంటే ఆ వస్తువు ఏ గుంపులోదో, ఆ గుంపులో మిగతావాటి నుంచి దాన్ని ఏది వేరుచేస్తుందో చెప్పాలి. వాటిని ఎలా వెతకాలో మాత్రం రాయలేదు. ఆ గైడును బట్టీ పట్టకండి. నన్ను ఒడ్డెక్కించింది మన తర్కశాస్త్రంలోని ఆవు. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా దూరుతుంది, అది అతివ్యాప్తి. కపిల రంగుది అంటే తెల్లావు పోతుంది, అది అవ్యాప్తి. గిట్ట చీలనిది అంటే ఒక్క ఆవూ మిగలదు, అది అసంభవం. మెడ కింద వేలాడే గంగడోలు ఉన్నది అంటే సరిపోయింది.

రాత్రంతా కూర్చుని, 'వస్తువు' మరీ దూరపు జాతి అని కొట్టేసి, ఇలా రాశాను: 'నడిమి కర్రకు మడతపడే ఊచలు అమర్చి, వాటిపై గుడ్డలాంటిది పరిచి, వానకు, ఎండకు అడ్డంగా తెరవడానికి చేసిన చిన్న పందిరి.' మేడమ్ సంచిలోంచి ఊచ విరిగిన తన గొడుగు తీశారు. "ఇది తెరుచుకోదు. మరి ఇది గొడుగు కాదా?"

"తెరవడానికి 'చేసిన' అన్నాను మేడమ్, 'తెరుచుకునే' అనలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ జవాబు ఇంకెవరికీ తట్టేది కాదని నా నమ్మకం.

"పర్వాలేదు. రేపటికి చెప్పు," అన్నారు.

"ఏం చెప్పాలి మేడమ్?"

"అదే, కాలికి వేసుకునే చెప్పు."

మళ్లీ ఒకటే నవ్వు.