చెక్కు బౌన్స్ కేసు ఏ ఊళ్లో వేయాలి? నా అనుభవం

మాది చీరాల. చేనేత చీరల హోల్‌సేల్ వ్యాపారం. కరీంనగర్‌లో షాపు ఉన్న ఒకాయన సరుకు బాకీ కింద చెక్కు ఇచ్చాడు. పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు దాన్ని మా బ్యాంకు కోఠి బ్రాంచిలోనే వేశాను. ఖాతాలో డబ్బు లేదని మెమోతో తిరిగొచ్చింది.

నోటీసు వరకు పెద్ద తలనొప్పి లేదు. మెమో సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది అందాక కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నాకు టెన్షన్ పట్టుకుంది ఇక్కడే: వేయాల్సింది ఏ ఊరి కోర్టులో? చెక్కు కరీంనగర్ బ్యాంకుది కాబట్టి అక్కడికే పోవాలన్నాడు తోటి వ్యాపారి. మెమో ఇచ్చింది హైదరాబాద్‌లో కదా, కేసూ అక్కడే అన్నాడు మా గుమాస్తా. ఇద్దరూ ఘంటాపథంగా చెప్పేవాళ్లే!

లాయరు గారు మాత్రం ఒక్కటే అడిగారు. “మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందండీ?”

చీరాలలో అన్నాను. “అయితే కేసూ చీరాలలోనే.”

మా తోటి వ్యాపారి చెప్పింది మరీ గాలి మాటేమీ కాదట. 1999లో భాస్కరన్ కేసులో సుప్రీంకోర్టు చాలా వెసులుబాటు ఇచ్చింది. చెక్కు రాసిన చోటు, బ్యాంకులో వేసిన చోటు, తిరగ్గొట్టిన చోటు, నోటీసు ఇచ్చిన చోటు, డబ్బు కట్టాల్సిన చోటు, వీటిలో ఎక్కడైనా కేసు వేయొచ్చంది. దాంతో ఎక్కడో దూరపు ఊరి నుంచి నోటీసు పంపి, అక్కడికే అవతలివాణ్ని తిప్పడం మొదలైంది. 2014 ఆగస్టులో దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ తీర్పు దీన్ని పూర్తిగా తిప్పేసింది: చెక్కు ఎవరిదో వాళ్ల బ్యాంకు ఉన్న ఊళ్లోనే వేయాలి. నాలాంటి చిన్న వ్యాపారి బాకీ ఉన్న ప్రతి ఊరికీ బస్సెక్కాలన్నమాట. 2015లో చెక్కు కేసులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్నే సవరించి 142వ సెక్షన్‌లో కొత్త నిబంధన చేర్చారు. చెక్కును మన ఖాతాలో జమకు వేస్తే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టుకే విచారణ అధికారం. చెక్కును ఆ బ్యాంకు వేరే ఏ బ్రాంచిలో ఇచ్చినా, ఖాతా ఉన్న బ్రాంచిలో ఇచ్చినట్టే లెక్క. నన్ను గట్టెక్కించింది ఈ చివరి వివరణే.

అయినా మెమో మీద హైదరాబాద్ పేరుంది కాబట్టి లాయరు గారు ముందే జాగ్రత్తపడ్డారు. ఖాతా చీరాల బ్రాంచిదే అని బ్యాంకు నుంచి లెటరు, స్టేట్‌మెంటు తెప్పించి జతచేశారు. ఫిర్యాదులో పరిధి గురించి విడిగా ఒక పేరా రాశారు. ఈ అవస్థలో ఉన్నవాళ్లు ఆ లెటరు మాత్రం మర్చిపోవద్దు.

నిందితుడు ఆ కోర్టు పరిధి బయట ఉంటే సమన్లకు ముందు మెజిస్ట్రేటు కొంత విచారణ చేయాలి. 2021లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెక్కు కేసులకూ ఇది తప్పనిసరి అంది. సాక్ష్యం అఫిడవిట్ మీద ఇస్తే చాలంది. కాస్త ఆలస్యమైనా నాకు ఇది న్యాయంగానే అనిపించింది. ఎక్కడి మనిషినో ఊరికే పిలిపించకూడదు కదా.

సమన్లు అందాక కరీంనగర్ ఆయన లాయరుతో వచ్చాడు. ఆ లాయరు పరిధి మాటే ఎత్తలేదు, వాయిదాల మీద కడతామన్నాడు. లోక్ అదాలత్‌లో రాజీ రాసుకున్నాం. ఈసారి చెక్కులు వద్దన్నాను, నేరుగా ఖాతాలోకే పంపిస్తున్నాడు.