గీజర్‌లో గార: మూడు ఆదివారాల పని

తిరుపతిలో ఇల్లుంటే ఏడాది పొడుగునా చుట్టాలే. కొండకు పోయేవాళ్ళు తెల్లవారుజామున మూడింటికే లేచి తలస్నానాలు మొదలుపెడతారు. ఆ వేళకి ఆరుగురికి వరసగా వేడినీళ్ళు ఇచ్చేది మా గోడకున్న చిన్న ఇన్‌స్టంట్ గీజరే. 3 కిలోవాట్లది, కడుపులో పట్టేది లీటరు నీళ్ళు. మొన్న ధనుర్మాసంలో మా పెద్దత్త స్నానం మధ్యలో కేకేసింది: "ఒరే, ఒకసారి కాల్తా ఉంది, ఒకసారి చల్లంగా వస్తా ఉంది. చూడరా!" దగ్గరికెళ్ళి వింటే, లోపల ఇసుకలో శనక్కాయలు వేయించినట్టు చప్పుడు.

ఆ చప్పుడు గారదే, అంటే ఉప్పునీళ్ళు కాగి లోపల కట్టే తెల్లటి గట్టి పొరది. మా సంపులో కుళాయి నీళ్ళు తగ్గితే బోరు వేస్తాం. చుక్కల కిట్‌తో చూస్తే బోరు నీళ్ళ కాఠిన్యం లీటరుకు 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్ళకి మన ప్రమాణం ప్రకారం 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. ఇలాంటి నీళ్ళు వేడెక్కగానే, కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కార్బొనేట్‌గా మారి కాయిల్ మీద పేరుకుంటుంది. కాయిల్ ఎంత వేడిగా ఉంటే గార అంత తొందరగా కడుతుంది.

గార పడితే కరెంటు బిల్లు పెరుగుతుందని చాలామంది అంటారు. నా లెక్కలో అది పెద్ద నష్టం కాదు. కాయిల్ నీళ్ళలోనే మునిగి ఉంది కాబట్టి దాని వేడి చివరికి నీళ్ళకే చేరుతుంది. కానీ గార కింద కాయిల్ మామూలుకంటే ఎక్కువ కాగుతుంది, ఏదో ఒకరోజు కాలిపోతుంది. అసలు భయం అదీ.

మొదటి ఆదివారం. ముందు కొలతలు. 10 లీటర్ల బకెట్ నిండటానికి 7 నిమిషాలు పట్టింది. మామూలుగా నాలుగున్నర నిమిషాలకే నిండేది. నీళ్ళు అంత సన్నగా వస్తుంటే లోపల బాగా కాగి థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, కాసేపటికి మళ్ళీ ఇస్తుంది. అత్త చెప్పిన కాలడం, చల్లబడటం అదే.

ప్లంబర్ అన్న బాత్రూం యాసిడ్ పొయ్యమన్నాడు. "నిమిషంలో పోతాది సామీ" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. గారతోపాటు స్టీలునీ తింటుంది. దానికి బదులు కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, తెచ్చాను. 4 లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో 200 గ్రాములు కలిపాను. మరీ వేడి నీళ్ళు పనికిరావు, ఆ వేడికి కాల్షియం సిట్రేట్ తెల్లగా విరిగి మళ్ళీ లోపలే కూర్చుంటుంది.

ఎంసీబీ స్విచ్ దించి, ప్లగ్ పీకేసి, గీజర్‌కి నీళ్ళిచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, వేడినీళ్ళ కుళాయి తిప్పి ఒత్తిడి వదిలాను. తర్వాత రెండు గొట్టాలూ ఊడదీశాను. బకెట్లో కూలర్ పంపు వేసి, దాని గొట్టం ఇన్లెట్‌కి బిగించి, అవుట్‌లెట్ నుంచి వచ్చే నీళ్ళు తిరిగి బకెట్లోనే పడేట్టు పెట్టాను. ఇన్లెట్ దగ్గరున్న వాల్వ్ నీళ్ళని లోపలికే పోనిస్తుంది కాబట్టి తిరగేసి పెడితే పనిచేయదు. పంపు మొదట నీళ్ళు ఎత్తలేదు. బకెట్‌ని స్టూలు మీదికి ఎక్కించాక అందుకుంది. పంపు కూడా కరెంటుదే కదా, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న లైన్‌లోనే ప్లగ్ పెట్టండి, అది తిరుగుతున్నంతసేపు బకెట్లో చెయ్యి పెట్టొద్దు.

పది నిమిషాలకి నీళ్ళు పాలవిరుగులా తెల్లబడ్డాయి. తర్వాత పెచ్చులు రాలసాగాయి. ఒకటి అరచేతిలోకి తీసుకున్నాను. కోడిగుడ్డు పెంకంత మందం. ఒకవైపు గరుకు, రెండోవైపు నున్నగా, కాయిల్ వంపు అచ్చుగుద్దినట్టు. గరిటెలో కొంచెం తాజా ద్రావణం పోసి దాన్ని వేస్తే చుట్టూ సన్న బుడగలు లేచాయి. ఐదు నిమిషాలకి సగమైంది.

ముప్పావుగంటకి పని ఆపాను. బకెట్ ఇప్పుడు ఆరు నిమిషాల్లో నిండుతోంది, చప్పుడు మాత్రం పోలేదు.

రెండో ఆదివారం. పోయినసారి పొరపాటు ఎక్కడో వారమంతా ఆలోచించాను. 200 గ్రాముల నిమ్మ ఉప్పు లెక్కప్రకారం మహా అయితే ఓ 150 గ్రాముల గారని కరిగిస్తుంది. నా ద్రావణం మధ్యలోనే చచ్చిపోయి ఉంటుంది. ఈసారి అరగంటకోసారి కప్పులో కొంచెం తీసి చిటికెడు వంట సోడా వేసి చూశాను. బుస్సుమని పొంగితే ఇంకా బలముంది. పొంగు నీరసంగా ఉంటే కొత్త ద్రావణం. అలా మూడు బకెట్లు, మొత్తం రెండు గంటలు. చివరి బకెట్ నీళ్ళు తేటగానే తిరిగాయి.

తర్వాత మంచినీళ్ళు 20 లీటర్లు పోనిచ్చి, వంట సోడా కలిపిన నీళ్ళు ఒకసారి తిప్పి, మళ్ళీ కడిగాను. ఇన్లెట్ జాలీలో పెసరగింజంత రాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి, పాత టూత్‌బ్రష్‌తో తీసేశాను. సన్నధారకి సగం కారణం ఆ జాలీయే అనుకుంటా, అందుకే ముందు దాన్ని చూసుకోమంటాను. గొట్టాలు బిగించాక, కుళాయి ధార మధ్యలో గాలి కక్కకుండా నిలకడగా వచ్చేదాకా స్విచ్ వేయకండి. ఖాళీ గీజర్‌లో కాయిల్ మాడటానికి క్షణాలు చాలు.

మూడో ఆదివారం. పొద్దున్నే కొలిచాను. బకెట్ నాలుగున్నర నిమిషాలు. వంటింటి థర్మామీటర్‌తో చూస్తే లోపలికి 24 డిగ్రీలు, బయటికి 43. 3 కిలోవాట్లకి ఈ ధారలో దాదాపు అంతే రావాలి. శనక్కాయల చప్పుడు లేదు. ఇకమీదట నాలుగు నెలలకోసారి, గార మందం కట్టకముందే అరగంట తిప్పుతాను. జాలీ నెలకోసారి. చుట్టాలొచ్చే ముందురోజు బోరు వేయకుండా, సంపుని కల్యాణి డ్యాం, తెలుగుగంగల నుంచి వచ్చే కుళాయి నీళ్ళతోనే నింపుకోవాలి.

అవుట్‌లెట్ నట్టు దగ్గర ఇంకా గంటకో చుక్క పడుతోంది. టెఫ్లాన్ టేప్ రెండుసార్లు చుట్టినా ఆగలేదు. పాత వాషర్ గట్టిపడిపోయింది, రేపు కొత్తది వేస్తాను.